బహుభాషా కోవిదుడు బూర్గుల రామకృష్ణారావు

న్యాయస్థానంలో న్యాయవాది ఒక పక్షం తరఫున వాదిస్తాడు. రాజ్యపాలకుడు ఏ పక్షానికీ చెందక రాజ్యాంగానికి మాత్రమే బద్ధుడై ఉండాలి. ఈ రెండు ధర్మాలనూ తన జీవితంలో నిర్వహించవలసి వచ్చిన తెలుగు ప్రముఖులలో బూర్గుల రామకృష్ణారావు అగ్రగణ్యులు.

ఆయన 1899 మార్చి 13న పాలమూరు ప్రాంతంలోని పడకల్లు గ్రామంలో జన్మించారు. ఇంటిపేరు పుల్లంరాజు అయినా, స్వగ్రామమైన బూర్గుల పేరే ఆయనకు స్థిరపడింది. హైదరాబాదులో ప్రాథమిక విద్య ముగించి, పుణేలోని ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులయ్యారు. బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది, 1924లో హైదరాబాదులో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. అనతికాలంలోనే గొప్ప న్యాయవాదిగా కీర్తి గడించారు. తరువాతి కాలంలో భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆయన వద్ద జూనియర్‌గా పనిచేసినవారే.

నిజాం రాజ్యంలో ఆనాడు తెలుగు భాషకు ఆదరణ కరవైంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సభలో ఒక వక్త తెలుగులో ప్రసంగించబోగా కొందరు హేళన చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం ఆవిర్భవించింది. దాని తొలి కార్యకర్తలలో బూర్గుల ఒకరు. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు.

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన పిదప 1950లో ఆయన రెవెన్యూ మంత్రి అయ్యారు. 1952 ఎన్నికలలో షాద్‌నగర్ నుండి గెలిచి, హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. తరతరాలుగా భూమిని దున్నుతూ, దానిపై హక్కు లేని కౌలుదారులకు రక్షణ కల్పించే చట్టం అమలుకు కృషి చేశారు. అదే సంవత్సరం ముల్కీ ఉద్యమం చెలరేగి, పోలీసు కాల్పులలో ప్రాణనష్టం జరగడం ఆయన పాలనకు కఠిన పరీక్ష అయింది.

అంతకంటె పెద్ద పరీక్ష 1956లో ఎదురైంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల విలీనం విషయంలో తెలంగాణ ప్రజల సందేహాలను ఆయన ఎరుగుదురు. తొలుత తానూ సంకోచించారు. చివరకు ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేశారు. నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి కాగా, బూర్గుల పదవి నుండి తప్పుకున్నారు.

ఆ నెలలోనే ఆయన కేరళ గవర్నరుగా నియమితులయ్యారు. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వంలోని కమ్యూనిస్టు మంత్రివర్గం చేత ప్రమాణం చేయించినది ఆయనే. విద్యా, భూసంస్కరణలపై ఆందోళన తీవ్రమైనప్పుడు, ఆయన నివేదిక మీదట 1959 జులై 31న కేంద్రం ఆ మంత్రివర్గాన్ని తొలగించి రాష్ట్రపతి పాలన విధించింది. శాసనసభలో ఆధిక్యం ఉన్న ప్రభుత్వాన్ని తొలగించడం న్యాయమా అన్న చర్చ నేటికీ సాగుతూనే ఉంది. గవర్నరు పదవి అలంకారప్రాయం కాదని, ఆయన సంతకం ఒక రాష్ట్ర గతినే మార్చగలదని ఆ ఘట్టం లోకానికి తెలిపింది. 1960 నుండి 1962 వరకు ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరుగానూ, తరువాత రాజ్యసభ సభ్యులుగానూ సేవలందించారు.

రాజకీయాల ఒత్తిడిలోనూ ఆయన సాహిత్య వ్యాసంగాన్ని విడువలేదు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, మరాఠీ, ఆంగ్ల భాషలలో ఆయన నిష్ణాతులు. పారశీక వాఙ్మయ చరిత్రను తెలుగువారికి అందించారు. శంకరుల సౌందర్యలహరిని తెలుగు చేశారు. తెలుగు పలికితే నవ్విన నగరంలోనే తెలుగు రచయితగా, పాలకుడిగా నిలిచిన ఆ మహనీయుడు 1967 సెప్టెంబరులో పరమపదించారు. ఆయన నిర్ణయాలలో కొన్నింటితో ఏకీభవించనివారు సైతం ఆయన పాండిత్యాన్నీ, సౌజన్యాన్నీ గౌరవించారు. పదవులు వచ్చిపోయేవి, భాషకూ, భూమిని నమ్మిన రైతుకూ చేసిన సేవ మాత్రం చిరకాలం నిలుస్తుంది.