కొమర్రాజు లక్ష్మణరావు: తెలుగు బడికి శాస్త్రాన్ని తెచ్చిన మనిషి

మన షాద్‌నగర్ పేరు శాస్త్ర ప్రపంచానికి బాగా తెలుసు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భూకేంద్రం ఇక్కడే ఉంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని ఇక్కడి పెద్ద పెద్ద ఆంటెనాలు అందుకుంటాయి. పంపేవారికీ అందుకునేవారికీ కొలతలు, సంకేతాలు ఒకటే కాబట్టి ఆ పని సాగుతోంది. ఎవరి లెక్క వారిదైతే ఆ సమాచారం ఎవరికీ పనికిరాదు.

బడిలో సైన్సు సంగతీ అంతే. పట్నంలో చదివే పిల్లకూ, మన చుట్టుపక్కల తండాలోంచి నడిచి వచ్చే పిల్లకూ ఒకే విషయం, ఒకే స్థాయిలో అందాలి. నేడు మన ఉపాధ్యాయులు విద్యా ప్రమాణాలు అని పిలుచుకునే మాట వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఆ మాట పుట్టక ముందే, దానికి కావలసిన పునాది రాళ్లు మోసిన ఒక మహనీయుడి జీవితాన్ని ఈ స్వర్ణోత్సవ సంచికలో తలచుకోవడం సముచితమని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయనే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు.

బాల్యం, చదువు

లక్ష్మణరావుగారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తల్లి గంగమ్మ, తండ్రి వెంకటప్పయ్య. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సవతి అన్న శంకరరావుగారు భువనగిరిలో ఉండేవారు. తల్లి, అక్క, ఈ పిల్లవాడు ఆయన పంచన చేరారు. అలా ఆయన తొలి చదువు మన నల్లగొండ సీమలో సాగింది.

అక్క బండారు అచ్చమాంబకు పసితనంలోనే పెళ్లి అయింది. బావ మాధవరావుగారు నాగపూరు ప్రాంతంలో ఇంజనీరు. అక్క కాపురానికి వెళ్తూ తమ్ముణ్ణి వెంట తీసుకుపోయింది. అక్కడ తమ్ముడు బడికి పోయేవాడు. అక్కకు బడి లేదు. తాను నేర్చుకున్నది తమ్ముడు ఇంటికొచ్చి అక్కకు చెప్పేవాడు. అలా అక్షరాలు దిద్దిన అచ్చమాంబ పెరిగి పెద్దయి అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. తెలుగులో తొలి కథకుల్లో ఒకరిగా నిలిచారు. 1905లో, చిన్న వయసులోనే ఆమె కన్నుమూశారు. బడికి పోయినవాడి చదువు బడికి పోలేనివారికి కూడా చేరాలన్న పట్టుదల లక్ష్మణరావుగారిలో ఎక్కడ మొదలైందో వెతకనక్కరలేదు. అది వాళ్ల ఇంట్లోనే మొదలైంది.

నాగపూరులో ఆయన మరాఠీలో మంచి పట్టు సాధించి, ఆ భాషలో వ్యాసాలు రాసే స్థాయికి ఎదిగారు. మరాఠీవారు తమ భాషలో చరిత్ర, శాస్త్రం రాసుకోవడం దగ్గరగా చూశారు. తెలుగులో కావ్యాలకు, పురాణాలకు లోటు లేదు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ప్రపంచ చరిత్ర చదవాలంటే మాత్రం ఇంగ్లీషు రావాలి. ఈ తేడా ఆయన మనసులో నాటుకుపోయింది.

మునగాల నుంచి హైదరాబాదుకు

బి.ఏ. పూర్తయ్యాక ఆయన మునగాల జమీందారు నాయని వెంకట రంగారావుగారి కొలువులో చేరి దివాను అయ్యారు. ఉద్యోగం చేస్తూనే ఎం.ఏ. ముగించారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల ఆనాడు నిజాం రాజ్యం నడుమ ఉన్న ఇంగ్లీషువారి పరగణా. అక్కడి నుంచి ఆయన చూపు రెండు వైపులా ఉండేది. ఒకవైపు మద్రాసు రాజధానిలోని తెలుగువారు, మరోవైపు నిజాం పాలనలోని తెలుగువారు.

నిజాం రాజ్యంలో తెలుగు పిల్లల స్థితి మన తాతల నోట మనం విన్నదే. ఇంట్లో తెలుగు, పై తరగతుల్లో ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక అక్కడి అనువాద శాఖ శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. దేశభాషలో ఉన్నత శాస్త్ర విద్య చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయత్నం అది. కానీ పాలమూరు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి రియాజీ, కీమియా అన్నవి కూడా ఇంగ్లీషు మాటలంత కొత్తవే. శాస్త్రం అర్థం కావడానికి ముందు భాష అడ్డుపడేది.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. రావిచెట్టు రంగారావుగారు, నాయని వెంకట రంగారావుగారు మొదలైన పెద్దలతో కలిసి లక్ష్మణరావుగారు దాని స్థాపనకు పాటుపడ్డారు. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయోద్యమానికి అదే నాంది. గ్రంథాలయమైతే వచ్చింది, మరి అందులో పెట్టడానికి శాస్త్ర గ్రంథాలేవి? ఈ ప్రశ్నకు జవాబుగా 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది.

విజ్ఞాన చంద్రిక వెలుగు

మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత దేశ చరిత్రలు, నవలలతో పాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థ విజ్ఞానం, వ్యవసాయం వంటి విషయాల మీద పుస్తకాలు వచ్చాయి. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రం రాశారు. ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టే కలరా మీద కూడా పుస్తకం రాశారు. నీళ్లు కాచి తాగాలని పిల్లవాడు తెలుగులో చదివి ఇంట్లో చెబితే ఒక ప్రాణం నిలిచే రోజులవి. శాస్త్రం తెలుగులో ఉండాలన్న పట్టు భాషాభిమానం దగ్గర ఆగలేదు, బతుకుతో ముడిపడింది.

1908లో హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. మండలి మకాం మద్రాసుకు మారింది. చందాదారులను కూడగట్టుకుని, చౌక వెలకు పుస్తకాలు ఇచ్చి, ఒక క్రమం ప్రకారం ప్రచురించడం మండలి పద్ధతి. సంపాదకుడిగా లక్ష్మణరావుగారు ప్రతి పుస్తకాన్ని దిద్దేవారు. ఏ ఊళ్లో ఎవరు చదివినా ఒకే విషయం, ఒకే స్థాయి, నమ్మదగిన సమాచారం అందాలన్నది ఆ దిద్దుబాటు వెనుక ఉన్న ఉద్దేశం. ఉమ్మడి ప్రమాణం అనే మాట వాడకుండానే ఆయన చేసిన పని అదే.

మాటల చిక్కు

శాస్త్రాన్ని తెలుగులో రాయాలంటే మొదట వచ్చే చిక్కు పారిభాషిక పదాలు. ఒక రచయిత ఒక వాయువును ఒక పేరుతో, ఇంకొకరు ఇంకో పేరుతో పిలిస్తే చదివే పిల్లవాడు రెండు వాయువులనుకుంటాడు. కాశీలో నాగరీ ప్రచారిణీ సభవారు హిందీకి శాస్త్ర పదకోశం తయారు చేసుకున్నది కూడా ఆ కాలంలోనే. తెలుగువారు కూడా సంస్కృత ధాతువుల నుంచి పదాలు కల్పించుకున్నారు. మనలో యాభై దాటినవారికి ఆమ్లజని, ఉదజని, నత్రజని గుర్తుండే ఉంటాయి.

ఇందులో మన సైన్సు మాస్టార్లకు నచ్చే ముచ్చట ఒకటి ఉంది. ఆమ్లాన్ని పుట్టించేది అన్న అర్థంలో ఫ్రాన్సు శాస్త్రవేత్త లవాజియే ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టాడు. ఆమ్లాలన్నిటిలో అది ఉంటుందని ఆయన అనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తర్వాత తేలింది. ఆ పొరపాటుతో సహా మనవారు దాన్ని ఆమ్లజనిగా తెచ్చుకున్నారు. పేరు అందరికీ ఒకటే కావడం అవసరం. అయితే ఆ పేరు వెనుక ఉన్న విషయాన్ని ప్రశ్నించడం కూడా అంతే అవసరమని దీన్నిబట్టి తెలుస్తుంది.

భాష విషయంలో లక్ష్మణరావుగారికి ఒక పరిమితి ఉంది. గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడుతున్న రోజుల్లో ఆయన గ్రాంథికం పక్షాన నిలిచారు. ఆయన రాసిన గ్రాంథికం సరళమైనదే. అయినా పొలం నుంచి బడికి వచ్చే పిల్లవాడికి అది కూడా ఒక మెట్టు ఎత్తే. అందరికీ అందాలని తవ్విన బావికి ఆయన పెట్టిన గట్టు కొంచెం ఎత్తుగా ఉందని ఈనాడు మనం ఒప్పుకోవచ్చు. అందువల్ల బావి తవ్వినవారి కష్టం తక్కువైపోదు.

అకారం దగ్గర ఆగిన పని

ఇంగ్లీషులో బ్రిటానికా ఉన్నట్టు తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలని ఆయన తలపెట్టారు. ప్రపంచంలోని విద్యలన్నీ అకారాది క్రమంలో తెలుగు పాఠకుడి ముందు పెట్టాలని సంకల్పం. పండితులను, వైద్యులను, శాస్త్రజ్ఞులను కూడగట్టారు. ఎన్నో వ్యాసాలు తానే రాశారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఆ మూడూ అకారంతో మొదలయ్యే మాటలకే సరిపోయాయి.

ఆరోగ్యం సహకరించలేదు. 1923 జూలైలో మద్రాసులో, నలభై ఆరేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. నాలుగేళ్ల ముందు కందుకూరి వీరేశలింగంగారు తుదిశ్వాస విడిచింది కూడా లక్ష్మణరావుగారి ఇంట్లోనే. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ పనిని తలకెత్తుకున్నారు గానీ ముగింపు ఆయనకూ దక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో తెలుగు భాషా సమితి ఏర్పడి విషయాలవారీగా సంపుటాలు తెచ్చింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చి కళాశాల పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తయారు చేసింది. ఒక్క మనిషి భుజాల మీద మొదలైన పనికి సంస్థలు కావలసి వచ్చాయి.

నిజాం రాజ్యంలోని తెలుగువారు ఆయన్ను మరువలేదు. ఆయన పోయిన ఏడాదే హైదరాబాదులో ఆయన పేరిట లక్ష్మణరాయ పరిశోధక మండలి ఏర్పడింది. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు దాన్ని నడిపి తెలంగాణ శాసనాలను వెలికితీశారు. కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ పేరున్న ప్రసూతి వైద్యురాలై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇంట్లో తమ్ముడి దగ్గర చదువుకున్న మేనత్త పేరు పెట్టుకున్న పిల్ల వైద్యురాలైంది.

మన బడి వరకు

1950లో మన బూర్గుల రామకృష్ణారావుగారు హైదరాబాదు రాష్ట్ర విద్యాశాఖ చేపట్టారు. ఆ కాలంలోనే మాతృభాషలో చదువు ఈ ప్రాంతపు బడుల్లో వేళ్లూనుకుంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పదో తరగతి వరకు సైన్సు, లెక్కలు అందరికీ ఉండాలని చెప్పింది. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన సైన్సు పుస్తకాల్లో ఏడు విద్యా ప్రమాణాలు చేరాయి. విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు చేయడం, సమాచారం సేకరించడం, బొమ్మలు గీసి నమూనాలు చేయడం, ప్రకృతిని అభినందించడం, నేర్చినదాన్ని నిత్యజీవితంలో వాడటం. రాష్ట్రంలో ఏ మూల బడికైనా ఇవే.

కాగితం మీద ప్రమాణం ఒకటే. అయితే మూడో ప్రమాణం ప్రయోగం చేయమంటుంది. పరీక్షనాళికలు లేని బడిలో ఆ పిల్ల ప్రయోగాన్ని చదువుతుంది, చేయదు. రెండో ప్రమాణం ప్రశ్నించమంటుంది. గైడులో జవాబు బట్టీపట్టిన పిల్లకు ప్రశ్న పుట్టదు. ఇప్పుడు మాధ్యమం కూడా ఇంగ్లీషు వైపు జరుగుతోంది. ఆనాడు ఉర్దూ ముందు నిలబడిన పిల్లవాడి తికమక ఈనాటి పిల్లకు ఇంగ్లీషు ముందు కలగకుండా చూడటం మన బాధ్యత. ఏ భాషలో చదివినా, పాఠం అర్థమైన తర్వాతే ప్రమాణం అందినట్టు.

పూర్వ విద్యార్థులుగా మనం ఇవ్వగలిగినవి పెద్దవేమీ కావు. ప్రయోగశాలకు కొన్ని సామాన్లు, గ్రంథాలయానికి రెండు భాషల్లోనూ సైన్సు పుస్తకాలు, శనివారం ఒక గంట పిల్లలతో గడపడం. భూకేంద్రంలో పనిచేసేవారు, కొత్తూరు కర్మాగారాల్లో ఇంజనీర్లు, ఆసుపత్రుల్లో వైద్యులు మన మధ్యే ఉన్నారు. లక్ష్మణరావుగారు అకారంతో మొదలుపెట్టి ఆగిపోయారు. మిగిలిన అక్షరాలు మన వంతు.