పాల్కురికి సోమనాథుడు - తాటాకు నుండి అచ్చు వరకు

తెలుగు శివకవులలో పాల్కురికి సోమనాథుని స్థానము మిక్కిలి ఉన్నతమైనది. బసవేశ్వరుని దివ్యచరిత్రను తెలుగువారి నాలుకపై నిలిపిన మహనీయుడాతడు. ఆతని భక్తిని గూర్చి పెద్దలు పలుమార్లు వివరించియున్నారు. గంటము పట్టి కావ్యము వ్రాసి, దానిని లోకమునకు అందించి, లోకుల నిందను సహించిన కవిగా ఆతడెట్లు జీవించెనో, ఆతని గ్రంథము మనవరకు ఎట్లు వచ్చెనో ఈ చిన్న వ్యాసమున విచారింతము.

సోమనాథుని జన్మస్థలము నేటి జనగామ జిల్లాయందలి పాలకుర్తి యని పలువురు పండితుల నిర్ణయము. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఆతడు 13వ శతాబ్ది పూర్వభాగమునకు చెందినవాడని కొందరు, కాకతీయ ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరు చెప్పుదురు. ఎట్లు చూచినను, 12వ శతాబ్దిలో కల్యాణమున వెలిగిన బసవేశ్వరుని కథలు భక్తుల నోట ఇంకను వేడిగా నున్న కాలమే అది. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలయందు ఆతడు సమాన ప్రజ్ఞ కలవాడు.

కవికి మొదటి పని వస్తు సేకరణము. బసవపురాణమునకు మూలమైన గ్రంథము సిద్ధముగా ఏ భాండాగారమునను లేదు. భక్తులు పాడుకొను పురాతనుల గీతములు, జంగమయ్యలు ఊరూర చెప్పు కథలు - ఇవియే ఆతనికి ఆధారములు. అందుచేతనే ఆ గ్రంథమున బసవేశ్వరునితో పాటు చాకలి మడివాలు మాచయ్య, వేటకాడు కన్నప్ప, ముగ్ధభక్తురాలు బెజ్జమహాదేవి సరిసమానమైన పీఠములపై కూర్చుండిరి. ఏడు ఆశ్వాసముల ఆ కావ్యమున కులము అడుగంటినది, భక్తి పైకి వచ్చినది.

రెండవ పని ఛందస్సును ఎన్నుకొనుట. ఆనాటి మర్యాద ననుసరించి ఆతడు చంపూ పద్ధతిలో, సంస్కృత వృత్తములతో వ్రాసియుండవచ్చును. శక్తిలేక మానలేదు, వృషాధిప శతకమే ఆతని వృత్తరచనకు సాక్ష్యము. అయినను బసవపురాణమునకు ద్విపదనే స్వీకరించెను. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రెండు పాదములకు ప్రాస. తాళము పట్టి పాడుటకు ఇంతకన్న అనువైనది లేదు. చదువురాని ఇల్లాలు కూడ నాలుగుసార్లు విన్న పిమ్మట దానిని తన నోట నిలుపుకొనగలదు. జాను తెనుగును కోరి వరించిన కవికి ఇదియే లక్ష్యము.

మూడవది ఆశ్రయము. నన్నయకు రాజరాజనరేంద్రుడు, తిక్కనకు మనుమసిద్ధి ఉండిరి. సోమనాథుడు రాజద్వారమునకు పోలేదు. గొబ్బూరి సంగనామాత్యుని వంటి శివభక్తుల ప్రోత్సాహమే ఆతనికి చాలినది. రాజాశ్రయము లేని కావ్యమునకు సభలో వినిపించువారుండరు, ప్రతులు వ్రాయించువారుండరు. సోమనాథుని కావ్యమునకు ఆ రెండు పనులను భక్తమండలియే నెరవేర్చినది. ఆ దినములలో గుడి మండపమున పఠించుటయే గ్రంథ ప్రకటనము, వినినవారే ప్రచారకులు.

ఇట్టి కవికి నింద తప్పలేదు. పిడపర్తి సోమన తన గ్రంథమున చెప్పిన ఐతిహ్యమొకటి కలదు. ఓరుగల్లు ఆలయమున భక్తులు బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు చూచి అదేమని అడిగెనట. ప్రక్కనున్న విప్రుడొకడు, అది ఇటీవల పాల్కురికివాడు ద్విపదలో అల్లినది, ప్రమాణము కాదని తేల్చివేసెనట. రాజు వెడలిపోయెను. ఈ కథలోని చారిత్రకత ఎంతయైనను, దేశి రచనపై పండితుల చిన్నచూపునకు ఇది చక్కని నిదర్శనము. పిడపర్తి సోమన తానే తరువాతి కాలమున బసవపురాణమును పద్యప్రబంధముగా మరల రచించెను. అయినను జనుల నోటినుండి ద్విపద తొలగలేదు. సోమనాథుడును వెనుదీయక పండితారాధ్య చరిత్రమును సైతము ద్విపదలోనే, దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములుగా సంతరించెను.

కవి గతించిన పిమ్మట గ్రంథమును కాపాడినవారు లేఖకులు. తాటాకుపై గంటముతో గీసి, మసి పూసి అక్షరములు తేర్చి, త్రాట గ్రుచ్చి, చెక్కల నడుమ బిగించిరి. ఆకు శాశ్వతము కాదు. పురుగు తినును, తేమకు చెడును. కావున కొన్ని తరములకొకమారు ఎవడో ఒకడు కూర్చుండి మొత్తము మరల వ్రాయవలసినదే. వ్రాయువాడు ఒక తరమున లేకపోయినచో గ్రంథము నశించెడిది.

గ్రంథము భాషల ఎల్లను కూడ దాటినది. 1369లో భీమకవి దీనిని కన్నడమున షట్పదిలో వెలయించెను. ఆదోని, ఎమ్మిగనూరు సీమవారికి ఇది వింత కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. ఇక్కడి ఇండ్లలో రెండు భాషలును వినబడును. ఈ సీమయందే ఆస్పరి మండలమున కైరుప్పల కలదు. ఉగాది మరునాడు అచటివారు వీరభద్రస్వామి పక్షము, కాళికాదేవి పక్షము అని రెండుగా చీలి పిడకలతో పోరాడి, పిదప కల్యాణము జరిపింతురు. ఆ పోరాటమునకు కారణమైన కథను ఊరివారు పుస్తకము చూడకయే తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సోమనాథుడు చెవియొగ్గినది ఇట్టి నోటి కథలకే.

19వ శతాబ్దిలో బ్రౌను దొర వ్రాతప్రతులను సేకరించి, 1840లో జంగముల మతాచార సాహిత్యములపై వ్యాసము ప్రకటించెను. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి బసవపురాణమును పరిష్కరించి విపులమైన పీఠికతో సమకూర్పగా, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రగ్రంథమాలయందు ముద్రించిరి. 1939లో చిలుకూరి నారాయణరావు పరిష్కరణమున పండితారాధ్య చరిత్రము అదే మాలలో వెలువడినది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోగైర్ చేసిన బసవపురాణ ఆంగ్లానువాదమును అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము ప్రచురించినది. గుడి మూలన వినబడిన ద్విపద సముద్రములు దాటినది.

ఈ చరిత్ర మనకు చెప్పునదేమి? రాజు మెచ్చకున్నను, పండితుడు ప్రమాణము కాదన్నను, వినువారు, పాడువారు, వ్రాయువారు ఉన్నంతవరకు కావ్యము బ్రదుకును. అచ్చు పడినదని నిశ్చింతగా నుండరాదు. బీరువాలో పూజలందుకొను పుస్తకము చదువబడిన పుస్తకము కాదు. మఠములలో తాటాకు కట్టలు మిగిలియున్నచో వానిని ఎఱిగినవారికి చూపి ప్రతి తీయించుట మఠాధిపతుల కర్తవ్యము. వైశాఖ శుద్ధ తదియ నాటి బసవ జయంతికైనను ప్రతి ఇంట నాలుగు ద్విపదలు బిడ్డలచేత గొంతెత్తి చదివించుట తలిదండ్రుల కర్తవ్యము. సోమనాథునికి మనమీయదగిన కానుక అదియే.