జేమ్స్ హట్టన్

స్కాట్లండు దేశమునందలి ఎడిన్‌బరో నగరమున 1726వ సంవత్సరమున జేమ్స్ హట్టన్ జన్మించెను. తండ్రి వర్తకుడు, కుమారుని పసితనముననే గతించెను. హట్టన్ మొదట ఒక న్యాయవాది కడ పనికి కుదిరెను గాని, ఆయన మనస్సెల్ల రసాయన ప్రయోగములపైననే యుండెను. పిదప వైద్యము నభ్యసించి, 1749లో లైడెన్ నగరమున పట్టము పొందెను. అయినను వైద్యవృత్తి నవలంబింపక సేద్యమునకు పూనుకొనెను. వానలకు పొలముల మట్టి కొట్టుకొని పోవుచుండగా, క్రొత్త నేల యెట్లు పుట్టుచున్నదను ప్రశ్న ఆయనకు కలిగెను.

ఆ కాలపు పండితులు పెక్కురు గ్రానైటు శిల ఎల్ల శిలలకంటె మొదటిదనియు, ఆదిసముద్రపు నీటినుండి పేరుకొన్నదనియు నమ్మిరి. జర్మనీ దేశీయుడగు వెర్నర్ ఈ వాదమునకు ముఖ్యుడు. భూగర్భమందలి వేడిమిచే కరగిన ద్రవము పైకి వచ్చి, చల్లారి గ్రానైటుగా గట్టిపడినదని హట్టన్ తలచెను. అట్లయినచో ఆ ద్రవము ప్రక్కనున్న శిలలలోనికి చొచ్చియుండవలెను. ఆ గురుతు కానరానిచో తన వాదము నిలువదు. కావున ఆయన యింట కూర్చుండక, 1785లో తన యేబదితొమ్మిదవ యేట, మిత్రుడగు జాన్ క్లర్కుతో గ్లెన్ టిల్ట్ అను కొండలోయకు బయలుదేరెను.

అచట నదీగర్భమున నల్లని శిలను చీల్చుకొని యెఱ్ఱని గ్రానైటు పాయలుగా వ్యాపించియుండెను. చీల్చబడిన దానికంటె చీల్చినది తరువాతిదే కదా! హట్టన్ ఆనందమును చూచి, వెంటనున్న మార్గదర్శకులు ఆయనకు వెండియో బంగారమో దొరకినదని భ్రమించిరట.

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ విషయమును విస్తరించిరి. భూపటలపు లోతులలో నీరు తోడైనచో సుమారు 650 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే కొన్ని శిలలు కరగనారంభించును. ఆ శిలాద్రవము చుట్టునున్న శిలలకంటె తేలికయగుటచే పైకి సాగును. అది చల్లారునపుడు ఇనుము గల నల్లని ఖనిజములు ముందుగా పేరుకొనును. మిగిలిన ద్రవమున సిలికా హెచ్చును. పలుగురాయి కడపట ఏర్పడును. మెల్లగా చల్లారిన పాకమున పటికబెల్లపు పలుకులు పెరిగినట్లే, లోతున మెల్లగా చల్లారిన గ్రానైటులో పలుకులు పెద్దవగును. 1958లో టటిల్, బోవెన్ అనువారు గ్రానైటు శిలాద్రవమునుండి పుట్టగలదని ప్రయోగములచే చూపిరి. గోలకొండ దుర్గము నిలిచిన గుట్టయు ఇట్టి గ్రానైటే. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు.

హట్టన్ 1795లో తన గ్రంథమును రెండు సంపుటములుగా ప్రకటించెను. శైలి కఠినమగుటచే దానిని చదివినవారు కొలదిమంది. 1797లో ఆయన మరణించెను. 1802లో మిత్రుడు ప్లేఫేర్ ఆ సిద్ధాంతమును సుబోధముగా వివరించి లోకమునకు తెలిపెను. తన మాట నిజమో కాదో తేల్చుకొనుటకు తానే రాతి కడకు నడచిన హట్టన్ సత్యనిష్ఠ విద్యార్థుల కెల్ల ఆదర్శప్రాయము.