మిస్సింగ్ కొట్టే కారు, జి.డి. నాయుడు

దసరా సెలవులకి వాడపల్లి వెళ్లేసరికి మా నాన్న కారు మిస్సింగ్ కొడుతోంది. స్టార్ట్ చేసి వదిలేస్తే బానెట్ వణుకుతుంది, కృష్ణ బ్రిడ్జి మీద పికప్ లేదు. రెండు రోజుల్లో నాయనమ్మని కంటి ఆపరేషన్‌కి మిర్యాలగూడ తీసుకుపోవాలి. ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, చూడమన్నాడు నాన్న. నాది కంప్యూటర్ సైన్స్ అని ఆయనకి తెలుసు, అయినా అన్నాడు.

ఆ రాత్రి ఫోన్‌లో ఇంజన్ల గురించి వెతుకుతూ జి.డి. నాయుడు దగ్గర ఆగిపోయాను. ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. ఒకరోజు ఒక ఇంగ్లీషు అధికారి మోటార్ సైకిల్ కంటపడింది. అదెలా నడుస్తుందో తెలుసుకోకపోతే ఆయనకి మనసు నిలవలేదు. కోయంబత్తూరులో హోటల్లో సర్వర్‌గా పనిచేసి, డబ్బు కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నారు. కొన్నాక ఊరేగలేదు, ముక్కముక్కలుగా విప్పేశారు. మళ్లీ బిగించారు. మెకానిక్ పని అలా వచ్చింది.

1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి–పళని రూట్ మొదలుపెట్టి, తనే నడిపారు. అదే తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే ఎలక్ట్రిక్ మోటార్ తయారుచేశారు. 1952లో రెండు వేల రూపాయలకే వచ్చే రెండు సీట్ల పెట్రోల్ కారు చేశారు కానీ ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం 1945 సంగతి. బడి మానేసిన ఈ మనిషి కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి కారణమయ్యారు. నాలుగేళ్ల కోర్సు దండగ, తక్కువ కాలంలో నేర్పొచ్చని వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోకపోతే తప్పుకున్నారు. నాలుగేళ్ల కోర్సులో రెండో ఏడాది ఉన్న నాకు ఇది చదివి కొంచెం కోపం వచ్చింది. కానీ అప్పటిదాకా నేనొక స్పార్క్ ప్లగ్ చేత్తో పట్టుకోలేదు మరి.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా మొదలుపెట్టాను. ఇంజన్ ఆపి ఒక కాయిల్ కనెక్టర్ తీయడం, స్టార్ట్ చేసి వినడం, మళ్లీ ఆపి పెట్టేయడం. ఒకటి, మూడు, నాలుగు సిలిండర్లవి తీస్తే ఇంజన్ ఇంకా కుంటింది. రెండోది తీస్తే ఏ తేడా లేదు. అంటే పనిచేయనిది అదే. కాయిలే పోయిందనుకుని రెండోదాన్నీ మూడోదాన్నీ అటూ ఇటూ మార్చాను. మిస్సింగ్ కదల్లేదు, రెండులోనే ఉంది. నా గెస్ తప్పు. తర్వాత ప్లగ్గులు మార్చాను. ఈసారి మిస్సింగ్ మూడుకి పోయింది. ఆ ప్లగ్గు తీసి చూస్తే తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత పగులు. ఒకేసారి రెండూ మార్చి ఉంటే ఏది పాడైందో తెలిసేది కాదు. అలాగే నడిపితే కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. ఆ ఖర్చు వేలల్లో.

నాలుగు కొత్త ప్లగ్గులు వేశాం. నాయనమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. నాన్న మిర్యాలగూడ దాకా పాటలు పెట్టకుండా ఇంజన్ చప్పుడే వింటూ నడిపాడు.

నాయుడు గారు 1974 జనవరి 4న పోయారు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. సెమిస్టర్ అయ్యాక ఆ కారులోనే వెళ్దామన్నాను, ముందు పాస్ అవ్వమన్నాడు.