రామదాసు రాసుకున్న లెక్క

ఎంసెట్ ర్యాంకు చూసుకున్న రోజు నేను దేవుడి మీద అలిగాను. రెండేళ్లు శనివారాలు ఉపవాసం ఉన్నా, ప్రదక్షిణలు చేశా, మరి నాకు రావాల్సింది ఏదీ? ఇదీ నా లాజిక్. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఫోన్లో రామదాసు కీర్తనలు పెట్టి తన పని తాను చూసుకుంది. ఆయన కథ అప్పుడే సరిగ్గా తెలుసుకున్నాను.

అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. 17వ శతాబ్దం మనిషి. గోల్కొండ సుల్తాను తానీషా దగ్గర మంత్రులైన అక్కన్న, మాదన్న ఆయనకు మేనమామలు. వాళ్ల వల్లే పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యాడంటారు. (మన భాషలో రిఫరల్.)

ఆ పరగణాలోదే భద్రాచలం. అక్కడ పోకల దమ్మక్క అనే ఆవిడ తనకు దొరికిన రాముడి విగ్రహాలకి పందిరి వేసి, తాటిపళ్లు నైవేద్యం పెట్టేదట. బదులుగా ఆవిడ ఏదైనా అడిగిందని నేను విన్న ఏ కథలోనూ లేదు. గోపన్న ఆ పందిరి చూసి ఉండబట్టలేక గుడి కట్టించాడు, నగలు చేయించాడు. అందుకు ప్రజల నుంచి వసూలైన శిస్తు డబ్బు వాడేశాడు. ఆరు లక్షలని చెప్పుకుంటారు.

తానీషా ఊరుకోలేదు, గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్లు అంటారు కానీ తానీషా గద్దెనెక్కింది 1672లో, కోట ఔరంగజేబు చేతికి పోయింది 1687లో. ఆ పదిహేనేళ్లలో ఉద్యోగం, గుడి, జైలు అన్నీ ఎలా సర్దాలో నాకైతే అర్థం కాలేదు.

ఆ జైలు పాటల్లో ఇక్ష్వాకు కులతిలక కీర్తన విని నేను షాకయ్యాను. అది పాట రూపంలో ఉన్న బిల్లు! భరతుడికి చేయించిన పతకం ఇంత, సీతమ్మ చింతాకు పతకం ఇంత అని వరహాల్లో లెక్క చెప్తాడు. ఇదంతా నీ తండ్రి ఇచ్చిందా, అత్తారింటి నుంచి వచ్చిందా అని రాముణ్ణే నిలదీస్తాడు. మరి ఆ సొమ్ము గోపన్నది మాత్రం ఎలా అయ్యింది? శిస్తు కట్టింది రైతులు కదా! నా ఉపవాసాలూ అంతేలెండి, వండి పెట్టింది, గుడికి తీసుకెళ్లింది అమ్మమ్మే.

కానీ అదే పాట చివర్లో ఆయన తగ్గిపోతాడు. దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలతాడు. నేను అక్కడిదాకా రాలేదు, అలిగి ఆగిపోయాను.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. రామలక్ష్మణులు గోపన్న నౌకర్ల వేషంలో అర్ధరాత్రి తానీషా దగ్గరికి వెళ్లి, డబ్బు మొత్తం కట్టి రసీదు తీసుకున్నారట. లెక్క తీరిపోయింది. కానీ రాముణ్ణి కళ్లారా చూసింది తానీషా, గోపన్నకి దక్కింది రసీదు. విడుదలయ్యాక ఆయన సంబరపడలేదు, ఆ భాగ్యం తానీషాకి దక్కిందని ఏడ్చాడంటారు.

ఆయన చేయించిన నగలు ఇప్పటికీ భద్రాచలంలో ఉన్నాయి. శ్రీరామనవమికి టీవీలో కల్యాణం చూస్తూ, సీతమ్మ మెడలో చింతాకు పతకం ఏదో అమ్మమ్మ నాకు వేలు పెట్టి చూపించింది.