ఎముకలే ఓనమాలు

జార్జి స్టబ్స్ 1724లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేయు వృత్తివాడు. బాలునకు ఎనిమిదేండ్లు వచ్చుసరికి, పొరుగున నున్న వైద్యుడొకడు అతనికి చిత్రలేఖనమునందుగల మక్కువను గమనించి, చూచి గీయుటకు ఎముకలను ఎరువిచ్చెను. ఆ ఎముకలే ఆతనికి ఓనమాలైనవి.

యౌవనమున ఒక చిత్రకారుని యొద్ద చేరెను గాని, పరుల చిత్రములకు నకళ్లు వ్రాయుట రుచింపక కొలది వారములలోనే విడిచి, ప్రకృతినే గురువుగా వరించెను. యార్కు నగరపు వైద్యశాలలో మానవ శరీరనిర్మాణమును అభ్యసించి, వైద్యవిద్యార్థులకు తానే బోధించెను. రాగిరేకుపై చెక్కు విద్య తెలియకున్నను నేర్చుకొని, 1751లో వెలువడిన జాన్ బర్టన్ ప్రసూతిశాస్త్ర గ్రంథమునకు చిత్రములు సమకూర్చెను.

1756లో హార్క్‌స్టో గ్రామమున ఒక యింట, చచ్చిన గుఱ్ఱములను నిలిచియున్నట్లు కొక్కెములతో వ్రేలాడదీసి, చర్మము మొదలు ఎముకవఱకు పొరపొరగా ఒలిచి చిత్రించెను. దుర్గంధమును సహించి సుమారు ఏడాదిన్నర శ్రమించెను. మేరీ స్పెన్సరు తోడుగా నిలిచెను. చెక్కుడు పనివారు నిరాకరింపగా రేకులన్నియు స్వయముగా చెక్కి, 1766లో అశ్వశరీర నిర్మాణ గ్రంథమును ప్రకటించెను.

1795లో, డెబ్బదియేండ్ల వృద్ధుడై, మానవుని, పులిని, కోడిని పోల్చిచూపు గ్రంథమునకు పూనుకొనెను. పోలిక తేటపడునట్లు మానవుని అస్థిపంజరమును నాలుగుకాళ్ల జంతువువలె వంచియు గీసెను. అది ముగియకమునుపే 1806లో కన్నుమూసెను. మిగిలిన చిత్రములు 1957లో అమెరికాలోని వూస్టర్ గ్రంథాలయమున బయల్పడినవి.

ఎనిమిదవ యేట చేతబట్టిన పాఠమును ఆతడు కడవఱకు విడువలేదు.