లాటిను రాని గురువిద్యార్థి



ఆగస్టు 4న మనం స్మరించుకునే పునీత జాన్ మరియ వియాన్నీ గారు చదువులో వెనుకబడిన విద్యార్థి. బిడ్డ ప్రోగ్రెస్ కార్డు చూసి నిట్టూర్చే ప్రతి ఇంటివారూ ఆయన జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1786 మే 8న ఫ్రాన్సులో, లియోన్ నగరం దగ్గరి దార్దిల్యీ గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. అది విప్లవ కాలం. బడి చదువు సరిగా సాగలేదు. ఇరవయ్యేళ్ల వయసులో ఎకుల్లీ విచారణ గురువులు బాలే గారి వద్ద లాటిను మొదలుపెట్టారు. ఎంత చదివినా తలకెక్కేది కాదు. పాఠం చెప్పబోయిన 12 ఏళ్ల తోటి విద్యార్థి మతియాస్ లోరా ఒకనాడు విసిగి చేయిచేసుకున్నాడు. పెద్దవాడైన వియాన్నీ గారే మోకరించి క్షమాపణ కోరారు. ఆ లోరా తర్వాత అమెరికాలోని డుబ్యూక్ మేత్రాసనానికి తొలి మేత్రాణులయ్యారు.

1813లో లియోన్ పెద్ద సెమినరీలో చేరారు. పాఠాలన్నీ లాటినులోనే. కొన్ని నెలలకే ఇంటికి పంపివేశారు. బాలే గారు మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకొని, అర్థమయ్యే ఫ్రెంచి భాషలో వేదాంతం బోధించారు. పెద్దలతో మాట్లాడి ఒప్పించారు. 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో వియాన్నీ గారు గురుపట్టం పొందారు. 1818లో సుమారు 230 మంది ఉన్న ఆర్స్ పల్లెకు వెళ్లారు. పాపసంకీర్తనం కోసం దేశమంతటి నుండి జనం ఆ పల్లెకు తరలివచ్చారు. 1859లో మరణించారు. 1925లో పునీతులుగా, 1929లో విచారణ గురువుల పాలకులుగా ప్రకటింపబడ్డారు.

ఆయన ఇబ్బందికి కారణమేమిటో ఈనాడు తేల్చలేం. బడి ఆలస్యం కావడమే కావచ్చు. కాని కొందరు పిల్లలకు బడి సక్రమంగా సాగినా చదువు రాదు. మాటల్లో చురుకు, పుస్తకం తెరిస్తే తడబాటు. చదువుతూ వరుసలు దాటేస్తారు. ఒత్తులు, గుణింతాలు ఎన్నిసార్లు దిద్దించినా తప్పుతారు. బోర్డు మీదివి చూసి రాయలేరు. ఎక్కాలు, కూడికలు నిలవవు. ఇవి నెలల తరబడి కొనసాగితే డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం కావచ్చు. అది సోమరితనం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. మొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత టీచరుతో మాట్లాడి, పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ వైకల్యాన్ని గుర్తించింది.

మొద్దు అని పిలిచిన నోటితోనే సాయంత్రం జపమాల చెప్పుకుంటున్నామేమో ఆలోచించండి. వియాన్నీ గారికి ఒక బాలే గారు దొరికారు. మీ బిడ్డకు ఆ బాలే గారు మీరే కావాలి.